జాకాల్ మొదటి సగం: నెమ్మదా, బిగింపా?

రహస్య ఆపరేషన్ల థ్రిల్లర్లలో ముందుగా ఏది చదవాలని అడిగితే చాలామంది నోట వచ్చే పేరు ఫ్రెడరిక్ ఫోర్సైత్ రాసిన ‘ది డే ఆఫ్ ది జాకాల్’. 1971లో వచ్చిన నవల. దాని మీద పాఠకుల మాటలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. పట్టుకుంటే కింద పెట్టలేకపోయామని కొందరంటారు. వంద పేజీలు దాటలేక పక్కన పడేశామని మరికొందరంటారు. చిత్రమేమిటంటే ఇద్దరూ మాట్లాడేది ఒకే భాగం గురించి. ఆ భాగాన్ని కాస్త విప్పి చూస్తే ఏ మాట ఎంతవరకు నిలుస్తుందో తేలుతుంది. కథ చివరిదాకా ఇక్కడ ప్రస్తావనకు వస్తుంది కాబట్టి, నవల ఇంకా చదవనివాళ్ళు అది ముగించి ఇటు రావడం మంచిది.

కథ క్లుప్తంగా ఇది. 1963లో ఫ్రాన్స్ అధ్యక్షుడు షార్ల్ డిగాల్‌ను చంపడానికి ఓఏఎస్ అనే రహస్య సాయుధ సంస్థ ఒక విదేశీ కిరాయి హంతకుణ్ణి మాట్లాడుకుంటుంది. అతని మారుపేరు జాకాల్. బేరం 5 లక్షల డాలర్లు, సగం ముందు, సగం పని అయ్యాక. అతన్ని పట్టుకునే భారం క్లాడ్ లెబెల్ అనే పోలీసు అధికారి మీద పడుతుంది. పొట్టి మనిషి, మెతక మనిషి, ఇంట్లో భార్య మాటకు ఎదురు చెప్పలేనివాడు.

డిగాల్ 1970 నవంబర్ 9న సొంత ఊళ్ళో, సొంత ఇంట్లో కన్నుమూశాడు. అంటే జాకాల్ ఓడిపోతాడని అట్ట తెరవకముందే తెలుసు. ఫోర్సైత్ ఈ నవలను 1970 జనవరిలో మొదలుపెట్టి 35 రోజుల్లో పూర్తి చేసేనాటికి డిగాల్ బతికే ఉన్నాడు. బతికున్న మనిషిని చంపబోయి విఫలమైన కథలో ఉత్కంఠ ఏముంటుందన్నది ప్రచురణకర్తల సందేహం. ఒకరి తర్వాత ఒకరు రాతప్రతిని తిప్పి పంపారు. చివరికి హచిన్సన్ సంస్థ 8,000 ప్రతులతో ధైర్యం చేసింది. 1972లో ఉత్తమ నవలగా, అమెరికాలో మిస్టరీ రచనలకు ఇచ్చే ఎడ్గర్ అవార్డు వచ్చింది. ప్రచురణకర్తల సందేహమే ఈరోజు పాఠకుల మెచ్చుకోలులో మొదటి వాక్యంగా మారింది: ‘ముగింపు ముందే తెలిసినా చేతులు చెమట పట్టాయి.’

అది ఎలా సాధ్యమైందన్నదే అసలు ప్రశ్న. ‘ఉత్కంఠభరితం, ఆద్యంతం ఆసక్తికరం’ అని రాసేసి వదిలేసే అభిప్రాయాల వల్ల ప్రయోజనం లేదు.

నవల మూడు భాగాలు. మొదటిది పన్నాగం, రెండోది వేట, మూడోది హత్యాయత్నం. మొదటి భాగమే దాదాపు సగం పుస్తకం. మూడోది మిగతా రెండింటికన్నా బాగా చిన్నది. లెబెల్ రంగంలోకి దిగేసరికి పాఠకుడు సుమారు సగం పుస్తకం తిరగేసి ఉంటాడు. కథానాయకుడు సగం దాటాక రావడమేమిటని విసుక్కునేవాళ్ళ లెక్క తప్పు కాదు. ఆ సగంలో జరిగేది ఏమిటి? ఒక మనిషి లైబ్రరీలో కూర్చుని డిగాల్ గురించి పుస్తకాలు చదువుతాడు. పాస్‌పోర్టులు సమకూర్చుకుంటాడు. బెల్జియంలో ఒక తుపాకీ పనివాడితో బేరం కుదుర్చుకుంటాడు. పారిస్ వీధుల్లో తిరుగుతాడు, జుట్టుకు రంగు కొంటాడు, పాత బట్టలు కొంటాడు. తుపాకీ పేలేది తక్కువ, వెంటపడి పరుగెత్తడాలు అసలు లేవు.

అయితే ఆ కొనుగోళ్ళలో ఒకదాని దగ్గర ఆగి చూడాలి. పారిస్‌లో పాత సామాన్లమ్మే చోట జాకాల్ ఒక వెలిసిపోయిన సైనికుడి పొడుగు కోటు, ఒక టోపీ, కొన్ని పతకాలు కొంటాడు. ఎందుకో రచయిత చెప్పడు. తుపాకీ గొట్టాలు ఫలానా సన్నదనంలో, ఫలానా పొడవులో ఉండాలని పనివాడికి గట్టిగా చెబుతాడు. అదెందుకో కూడా చెప్పడు. లైబ్రరీలో అతను వెతికేది ఒకే ఒక్క సంగతి: ఏడాదిలో ఏ రోజు, ఎంత ప్రమాదం ఉన్నా, డిగాల్ జనం మధ్యకు రాక తప్పదు? జవాబు దొరికిందని పాఠకుడికి చెబుతాడు, ఆ రోజేదో చెప్పడు. కోటు, పతకాలు, సన్నటి గొట్టాలు, ఒక తేదీ విడివిడిగా పాఠకుడి ఒళ్ళో పడతాయి. చివరి పేజీల్లో పారిస్ వీధిలో ఒంటికాలి ముసలి సైనికుడొకడు అల్యూమినియం చంకకర్ర మీద కుంటుకుంటూ పోలీసు వరస దాటి వస్తున్నప్పుడు అవన్నీ ఒక్కసారిగా అతుక్కుంటాయి. తుపాకీ ఆ చంకకర్రలోనే ఉంది. కాపలా కాస్తున్న కుర్ర పోలీసుకు జాలి కలుగుతుంది. పాఠకుడికి గుండె ఆగినంత పనవుతుంది. మొదటి సగం దాటవేసిన పాఠకుడికి ఆ చంకకర్ర ఒట్టి చంకకర్రే.

రచయిత దాచేవి ఏవి, చెప్పేవి ఏవి అన్న ఎంపికలోనే నవల పట్టంతా ఉంది. పద్ధతి అణువణువూ చెబుతాడు, ప్రయోజనం మాత్రం చెప్పడు. చాలా థ్రిల్లర్లు దీనికి తలకిందులుగా నడుస్తాయి. ఏం జరగబోతుందో ముందే ఊదరగొట్టి, ఎలా జరిగిందన్న చోట చేతులు దులుపుకుంటాయి.

పుచ్చకాయ సన్నివేశం దీనికి మంచి నమూనా. ఆర్డెన్ అడవిలో జాకాల్ ఒక కాయ మీద కళ్ళు, ముక్కు, నోరు రంగులతో గీసి, వల సంచిలో పెట్టి చెట్టుకు వేలాడదీస్తాడు. కొలిచినట్టు అడుగులేసుకుంటూ దూరం వెళ్ళి కాలుస్తాడు, తిరిగొచ్చి తూటా ఎక్కడ తగిలిందో చూస్తాడు, దుర్భిణి మరలు కాస్త తిప్పుతాడు, మళ్ళీ కాలుస్తాడు. వచ్చిపోయే ఆ నడకే సన్నివేశం. చివరికి ప్రత్యేకంగా చేయించిన తూటా ఒకటి పెడతాడు. కాయ మిగలదు. ఇందులో డిగాల్ పేరు ఒక్కసారి కూడా రానక్కర్లేదు. గీసిన ఆ ముఖం చాలు. ఈ సన్నివేశం నెమ్మదిగా ఉందనేవాళ్ళది నిజమే. నెమ్మదిగా ఉండబట్టే భయపెడుతుంది.

తెలుగు పాఠకులకు ఈ నవల కొత్తలో కొరుకుడు పడకపోవడానికి ఇంకో కారణం ఉంది. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలల్లో డిటెక్టివ్‌తో పాటే మనమూ ఆధారాలు ఏరుకుంటూ వెళ్తాం, హంతకుడెవరో చివర్లో తెలిసి ఆశ్చర్యపోతాం. మధుబాబు షాడో నవలల్లో ఏజెంటు భుజం మీద కూర్చున్నట్టు ప్రయాణం సాగుతుంది. పేజీ పేజీకీ దెబ్బలాట, ప్రతి అధ్యాయం చివర ప్రాణాపాయం. అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చి ఒక్క రాత్రిలో ముగించి పొద్దున్నే తిరిగిచ్చేసిన చదువరులకు అలవాటైన వేగం అది. జాకాల్‌లో ఆ రెండూ లేవు. నేరస్తుడెవరో మొదటే తెలుసు. ఎవరి పక్షాన నిలబడాలో రచయిత చెప్పడు. హంతకుడి ఏర్పాట్లలో లోపం కనబడితే ‘అయ్యో, అది సరిచూసుకో’ అని పాఠకుడు లోలోపల అనుకునే స్థితికి తెస్తాడు. తర్వాత లెబెల్ వస్తే మనసు అటు మళ్ళుతుంది. ఈ ఊగిసలాటకు సిద్ధపడి కూర్చుంటే మొదటి సగం బరువనిపించదు.

రెండో భాగంలో కదలిక పెరుగుతుంది. ఎందుకంటే ఇప్పుడు రెండు గడియారాలు నడుస్తాయి. లెబెల్‌కు పేరు దొరికేసరికి జాకాల్ పేరు మార్చేసి ఉంటాడు. హోటల్ కనిపెట్టేసరికి గది ఖాళీ. అలెగ్జాండర్ డగ్గన్ అనే ఇంగ్లీషువాడు ఒకనాటికి డేనిష్ పాస్టరవుతాడు, ఆ తర్వాత అమెరికన్ విద్యార్థవుతాడు. పోలీసులు ప్రతిసారీ కొన్ని గంటలు ఆలస్యం. ఆ ఆలస్యం రచయిత బలవంతంగా తెచ్చిపెట్టింది కాదు. రోజూ రాత్రి మంత్రిత్వశాఖలో జరిగే రహస్య సమావేశంలో లెబెల్ చెప్పినదంతా ఆ సమావేశంలోనే కూర్చున్న కర్నల్ సెంక్లేర్ తన ప్రియురాలి దగ్గర వాగుతుంటాడు. ఆమె ఓఏఎస్ మనిషి. కబురు జాకాల్‌కు చేరుతుంది. ఇది పాఠకుడికి తెలుసు, లెబెల్‌కు తెలియదు. ప్రతి రాత్రీ అతను నోరు విప్పుతుంటే ‘చెప్పకు’ అనాలనిపిస్తుంది.

ఆ తర్వాత వచ్చేదే పాఠకులు ఎక్కువగా గుర్తుపెట్టుకునే ఘట్టం. లెబెల్ ఒక రాత్రి సమావేశంలో టేపు వినిపిస్తాడు. ఒక స్త్రీ గొంతు ఫోనులో సమాచారం అందిస్తుంటుంది. ఆ ఫోను తన ఇంటిదేనని గుర్తుపట్టి సెంక్లేర్ లేచి బయటకు వెళ్ళిపోతాడు. ఎవరి ఫోను మీద నిఘా పెట్టాలో ఎలా తెలిసిందని మంత్రి అడిగితే, తెలియక అందరి ఫోన్ల మీదా పెట్టానంటాడు లెబెల్. ఆ గదిలో ఉన్నవాళ్ళంతా అతని పైఅధికారులు. మెతకమనిషి అని రచయిత అంతదాకా చెబుతూ వచ్చింది ఈ ఒక్క జవాబు కోసమే.

అదృష్టం మీద ఆధారపడ్డ కథ అన్నది తరచు వినబడే ఫిర్యాదు. ఇది ముఖ్యంగా కాల్‌త్రాప్ విషయంలో వస్తుంది. ఫ్రెంచిలో జాకాల్‌ను ‘షకాల్’ అంటారు. ఆ మాట అక్షరాలకూ చార్లెస్ కాల్‌త్రాప్ అనే ఇంగ్లీషువాడి పేరులోని మొదటి అక్షరాలకూ పొంతన కుదరడంతో బ్రిటిష్ పోలీసులు అతన్నే అనుమానిస్తారు. అతని సొంత పాస్‌పోర్టు ఇంట్లోనే దొరకడంతో దొంగ పాస్‌పోర్టు మీద తిరుగుతున్నాడని ఊహిస్తారు. ఇటీవలి పాస్‌పోర్టు దరఖాస్తులన్నీ జల్లెడ పడితే ఎప్పుడో పసితనంలోనే చనిపోయిన డగ్గన్ పేరు మీద ఒకటి తేలుతుంది. నవల చివర్లో అసలు కాల్‌త్రాప్ సెలవు ముగించుకుని ఇంటికొస్తాడు. అతనికి ఇందులో ఏ సంబంధమూ లేదు. తప్పుడు అనుమానం సరైన పేరు దగ్గరికి చేర్చింది. దీన్ని రచయిత చేతివాటమనే పాఠకుల మాట కొంతవరకు ఒప్పుకోవాలి. అక్షరాల పొంతన అతికించినట్టే ఉంటుంది. కాని దరఖాస్తుల గుట్టను ఒక్కొక్కటిగా తిరగేసిన గుమాస్తా పని మాత్రం అదృష్టం కాదు. జాకాల్‌ను పట్టిచ్చింది ఆ పనే.

పాత్రల్లో లోతు లేదన్న విమర్శను రెండుగా విడదీసి చూడాలి. జాకాల్‌కు గతం లేదు, ఇల్లు లేదు, అసలు పేరు కూడా చివరిదాకా తెలియదు. ఇది లోపం కాదు. అతను వేసుకునే ప్రతి వేషానికీ ఒక పూర్తి జీవితం ఉంటుంది, వేషాల కింద మాత్రం ఏమీ దొరకదు. వెతికినకొద్దీ ఎవరూ కనబడకపోవడమే ఆ పాత్ర కలిగించే భయం. 2024లో వచ్చిన టీవీ సిరీస్ కథను ఈ కాలానికి మార్చి జాకాల్‌కు భార్యను, బిడ్డను ఇచ్చింది. చూడటానికి బాగానే ఉంది గాని, ఆ పని చేయగానే అతను మనకు అర్థమయ్యే మనిషైపోయాడు. నవలలోని చలి పోయింది.

స్త్రీపాత్రల విషయంలో మాత్రం పాఠకుల ఫిర్యాదుకు జవాబు లేదు. సెంక్లేర్ ప్రియురాలు జాక్లీన్ అల్జీరియాలో అయినవాళ్ళను పోగొట్టుకున్న మనిషి. పగకు కారణముంది, ప్రమాదం ఎదుర్కొనే ధైర్యముంది. రచయిత ఆమెను పడకగదికీ టెలిఫోనుకూ మధ్య తిప్పి, పని అయిపోగానే వదిలేశాడు. కొలెట్ అనే జమీందారిణి జాకాల్‌కు ఒక రాత్రి ఆశ్రయం, ఆ తర్వాత ఒక శవం. ఆ కాలపు థ్రిల్లర్లన్నీ అంతేనన్న సమాధానం చాలదు. తుపాకీ గొట్టం కొలత మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు వీళ్ళ మీద పెట్టినా సరిపోయేది.

కొందరు పుస్తకం మూసేసే చోటు కొవాల్‌స్కీ అధ్యాయం. ఓఏఎస్ నాయకుడి అంగరక్షకుడతను. కూతురికి రక్తకేన్సరని ఉత్తరం పుట్టించి, ఫ్రెంచి రహస్య విభాగం అతన్ని రోమ్ నుంచి మార్సేకు రప్పించుకుని పట్టుకుంటుంది. చిత్రహింసల్లో అతను చనిపోతాడు. మిగిలింది టేపులో మూలుగుల మధ్య కొన్ని తెగిన మాటలు. రోలాన్ అనే కర్నల్ ఆ కాగితాలు రాత్రంతా ముందేసుకుని, సంబంధం లేని మాటల నుంచి ‘షకాల్’ అన్నదాన్ని బయటకు తీస్తాడు. రహస్య ఆపరేషన్ ఎలా నడుస్తుందో చూపడంలో ఇది నవలలోకెల్లా గట్టి అధ్యాయం. అదే సమయంలో నవల ఏమీ అడగకుండా దాటిపోయిన అధ్యాయం కూడా. అల్జీరియా యుద్ధంలో ఫ్రెంచి సైన్యం చిత్రహింసలు పెట్టిందన్నది చరిత్ర. గణిత అధ్యాపకుడు మోరిస్ ఒదాఁ మరణంలో ప్రభుత్వ బాధ్యతను ఫ్రాన్స్ అధ్యక్షుడు అధికారికంగా ఒప్పుకోవడానికి 2018 దాకా పట్టింది. ఆ సంగతి తెలిసి చదివితే కొవాల్‌స్కీ పేజీలు థ్రిల్లర్ పేజీల్లా ఉండవు.

ఆ నేపథ్యం తెలియకపోవడం వల్లే ఓఏఎస్ వాళ్ళ కోపం చాలామంది పాఠకులకు అర్థం కాదు. ఫ్రాన్స్ పాలనలో ఉన్న అల్జీరియాలో 1954లో స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. అల్జీరియాను ఫ్రాన్స్‌లోనే ఉంచుతాడని నమ్మి సైన్యాధికారులు 1958లో డిగాల్ రాకకు అండగా నిలిచారు. అతను మాత్రం అల్జీరియాను వదులుకునే దారి పట్టాడు. నమ్మి మోసపోయామన్న ఆ కసి నుంచే 1961లో ఓఏఎస్ పుట్టింది, 1962లో అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చింది. ఈ నాలుగు సంగతులు తెలిస్తే చాలు, మొదటి అధ్యాయం తడబడకుండా సాగుతుంది.

ఆ అధ్యాయం కల్పన కూడా కాదు. 1962 ఆగస్టు 22 సాయంత్రం పారిస్ శివారు పెతీ క్లమార్‌లో డిగాల్ కారు మీద నిజంగానే కాల్పులు జరిగాయి. 150కి పైగా తూటాలు పేల్చారు, కారుకు 14 తగిలాయి. లోపల డిగాల్, భార్య ఇవాన్, అల్లుడు ఉన్నారు. ఎవరికీ గాయం కాలేదు. టైర్లు పేలినా సిట్రోయన్ డీఎస్ ఆగకుండా వెళ్ళిపోయింది. దాడి నడిపిన వైమానిక దళ ఇంజనీరు బాస్టియన్ తిరీని 1963 మార్చి 11న కాల్చి చంపారు. నవల ఆ ఉదయంతోనే మొదలవుతుంది. 1962లో రాయిటర్స్ విలేకరిగా ఫోర్సైత్ పారిస్‌లోనే ఉన్నాడు. ఎక్కడ నిజం ఆగి ఎక్కడ కల్పన మొదలైందో అతుకు తెలియకపోవడానికి ఆ విలేకరి వాక్యమే కారణం.

ఇంత నమ్మకంగా రాసిన చోట కూడా ఒక తప్పు దొర్లింది. దాడి విఫలం కావడానికి నవల చెప్పే కారణం వెలుతురు. తిరీ చూసుకున్న పట్టికలో ఆగస్టు 22న మసక చీకటి 8.35కు పడుతుందని ఉందట. అది 1961 పట్టిక, 1962లో 8.10కే చీకటి పడింది, దాంతో అతను ఊపిన వార్తాపత్రిక తుపాకుల వాళ్ళకు కనబడలేదు అంటుంది నవల. చదువుతున్నంతసేపు అద్భుతమైన వివరంలా ఉంటుంది. కాని ఒకే ఊళ్ళో ఒకే తేదీన సూర్యాస్తమయం ఒక ఏడాదికీ మరో ఏడాదికీ నిమిషం అటూ ఇటూ తప్ప మారదు. 25 నిమిషాల తేడా రావడం అసాధ్యం. అంకెలు ఇంత ఖచ్చితంగా ఇస్తే పాఠకుడు లెక్క వేసి చూడడన్న సంగతి ఫోర్సైత్‌కు బాగా తెలుసు. ‘ప్రతి వివరమూ నిజమే’ అని కితాబిచ్చే అభిప్రాయాలను ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకుని చదవాలి.

మరో వివరం మాత్రం నిజమై, మోతాదు మించి నిజమైంది. చనిపోయిన పసివాడి పుట్టినతేదీ పత్రంతో పాస్‌పోర్టు తీసుకోవడం అప్పటి బ్రిటన్‌లో సాధ్యమే. జనన మరణ నమోదులను ఎవరూ కలిపి చూసేవారు కాదు. 1974 నవంబర్‌లో జాన్ స్టోన్‌హౌస్ అనే బ్రిటిష్ ఎంపీ మయామీ తీరంలో బట్టలు వదిలి మునిగిపోయినట్టు నమ్మించి, చనిపోయినవాళ్ళ పేర్లతో ఆస్ట్రేలియా చేరాడు. డిసెంబర్ 24న మెల్‌బోర్న్‌లో దొరికిపోయాడు. అంతకన్నా బాధ కలిగించేది లండన్ పోలీసుల సంగతి. నిరసన సంఘాల్లోకి చొరబడేందుకు 1968లో పెట్టిన రహస్య విభాగం అధికారులు, చనిపోయిన పిల్లల పేర్లు దశాబ్దాల పాటు వాడుకున్నారు. పేరు వెతుక్కునే ఆ పనిని తమలో తాము ‘జాకాల్ రన్’ అని పిలుచుకునేవారు. తమ బిడ్డ పేరుతో ఒక పోలీసు తిరుగుతున్నాడని కన్నవాళ్ళకు తెలియదు. 2013లో విషయం బయటపడ్డాక బ్రిటన్ ఒక బహిరంగ విచారణే జరపాల్సి వచ్చింది. నవలలో డగ్గన్ సమాధి దగ్గర జాకాల్ నిలబడే సన్నివేశం రెండు మూడు పేజీలు. ఆ పిల్లవాడికి తల్లి ఉండి ఉంటుందన్న ఆలోచన అక్కడ రాదు.

ఇక ముగింపు. తల కాస్త వంచడం వల్ల డిగాల్ బతికిపోవడం తమను మోసం చేసినట్టుందని కొందరు పాఠకులంటారు. వాళ్ళు ఏ లెక్క తప్పిందో మళ్ళీ ఒకసారి చూడాలి. 1963 ఆగస్టు 25, పారిస్ విమోచన దినం. పాత మోంపర్నాస్ స్టేషన్ ముందు డిగాల్ పాత సైనికులకు పతకాలు పెడుతుంటాడు. జాకాల్ ఎదురుగా ఉన్న మేడ గదిలోంచి గురి పెడతాడు. దూరం తెలుసు, గాలి తెలుసు, తూటా తెలుసు. డిగాల్ గురించి ఇంగ్లీషు లైబ్రరీలో దొరికేదంతా తెలుసు. పతకం గుండీకి తగిలించాక ఫ్రెంచివాళ్ళు ఎదుటివాడి రెండు చెంపలకూ ముద్దు పెడతారు. ఇంగ్లీషువాడికి అది స్ఫురించదు. డిగాల్ ఎత్తు 196 సెంటీమీటర్లు. ఎదురుగా ఉన్న ముసలి సైనికుడు అతనికన్నా బాగా పొట్టి. వంగక తప్పదు. ఆ వంగిన తల వెనకనుంచి తూటా దూసుకెళ్ళి తారురోడ్డులో దిగబడుతుంది, డిగాల్‌కు అదేమీ తెలియదు. జాకాల్ రెండో తూటా ఎక్కించుకుంటుండగా లెబెల్ మెట్లెక్కుతూ ఉంటాడు.